చిన్న కమతాలకు అందుబాటులో పంటకోత యంత్రాల రూపకల్పన: వరంగల్ ప్రాంతపు వరి, పత్తి అనుభవాల పరిశీలన

వ్యాససంగ్రహం:

చిన్న రైతుకు పంటకోత యంత్రం అందాలంటే దాని ధర తగ్గాలన్నది సాధారణంగా వినిపించే అభిప్రాయం. వరంగల్ ప్రాంతపు అనుభవం ఈ అభిప్రాయాన్ని పూర్తిగా బలపరచదు. ఇక్కడ వరికోతలో లక్షల రూపాయల ఖరీదుచేసే యంత్రం రెండెకరాల రైతు పొలంలోకి కిరాయి మీద వచ్చింది. పత్తిలో కొద్దివేల రూపాయల చేతియంత్రం కూడా నిలదొక్కుకోలేదు. ఈ వైరుధ్యానికి కారణాలను యంత్రనిర్మాణం, మడి కొలతలు, పైరు స్వభావం, కిరాయి పద్ధతి అనే నాలుగు కోణాల నుంచి వివరించి, వాటి ఆధారంగా రూపకల్పనలో పాటించవలసిన సూత్రాలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిన్న కమతాలు, వరికోత యంత్రం, పత్తి ఏరివేత, కిరాయి సేవ, వరంగల్, గ్రామీణ యాంత్రీకరణ.

1. ఉపోద్ఘాతం:

వ్యవసాయంలో దున్నకం మొదట యంత్రం చేతికి వెళ్లింది. కోత చివరిదాకా మనిషి చేతిలోనే ఉండిపోయింది. ఇందుకు బలమైన కారణం ఉంది. దున్నకంలో యంత్రం ఎదుర్కొనేది మట్టిని మాత్రమే. కోతలో ఎదుర్కొనేది గాలికి వాలే, వానకు పడిపోయే, ఒక్కో మొక్క ఒక్కో ఎత్తులో పెరిగే సజీవమైన పైరును. దున్నకంలో పొరపాటు జరిగితే మరో సాలు వేసుకోవచ్చు. కోతలో రాలిన గింజ తిరిగి రాదు. ఆరునెలల పెట్టుబడి, అప్పు, శ్రమ అన్నీ ఆ కొద్దిరోజుల పని మీద ఆధారపడి ఉంటాయి.

కోత యంత్రం ఎందుకు కావాలన్న ప్రశ్నకు కూలీల కొరత అన్నది సగం సమాధానమే. రెండో సగం కాలం. 2023 మార్చిలో కురిసిన వడగండ్ల వానకు వరంగల్ జిల్లాలో దుగ్గొండి తదితర మండలాల మక్కజొన్న నేలపాలైంది. 2022 జనవరిలో నర్సంపేట ప్రాంతపు మిర్చి తోటలు ఇలాగే దెబ్బతిన్నాయి. వడగండ్లను ఏ యంత్రమూ ఆపలేదు. పక్వానికి వచ్చిన పైరు పొలంలో నిలిచి ఉండే రోజులను మాత్రం యంత్రం తగ్గించగలదు. చిన్న రైతు విషయంలో కోతయంత్రం విలువను ఈ రోజుల లెక్కలో కూడా చూడాలి.

2. క్షేత్రపరిధి: నేల, పంటలు, కమతాలు:

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం 1 హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. మొత్తం కమతాలలో దాదాపు 88 శాతం చిన్న, సన్నకారు రైతులవే. ఈ రెండున్నర ఎకరాలైనా ఒకేచోట ఉంటుందన్న భరోసా లేదు. చెరువు కింద అరెకరం, బావి కింద పది గుంటలు, ఊరవతల చెలక ఎకరంన్నర అన్నట్లుగా ఒకే కుటుంబపు భూమి చెదరి ఉంటుంది.

వరంగల్ ప్రాంతంలో మూడు రకాల వ్యవసాయాలు పక్కపక్కనే సాగుతాయి. కాకతీయులనాటి పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద, శ్రీరాంసాగర్ కాలువల కింద, బావుల కింద వరి పండుతుంది. రేగడి నేలల్లోనూ చల్కల్లోనూ వర్షాధారంగా పత్తి పండుతుంది. నీటివసతి కొంత ఉన్నచోట మిర్చి, మక్కజొన్న, పసుపు పండుతాయి. వరి ఒక్కసారి కోతకు వస్తుంది. పత్తి, మిర్చి విడతలు విడతలుగా చేతికొస్తాయి. పసుపును నేలలోంచి తవ్వి తీయాలి. ఇన్ని పంటలకు ఒకే కోతయంత్రం పనిచేయాలని ఆశించడం యంత్రశాస్త్రరీత్యా అసాధ్యం. అందువల్ల ఈ వ్యాసం ఎక్కువ విస్తీర్ణం గల వరి, పత్తి పంటలకే పరిమితమవుతుంది.

3. 'అందుబాటు' అంటే ఏమిటి?:

యంత్రం ఖర్చులో రెండు భాగాలుంటాయి. యంత్రం కదిలినా కదలకున్నా అయ్యేది మొదటిది: అరుగుదల, వడ్డీ, బీమా, నిలవనీడ. పనిచేసినప్పుడే అయ్యేది రెండోది: ఇంధనం, డ్రైవరు కూలి, మరమ్మతులు. మొదటి ఖర్చును ఏడాదిలో కోసిన ఎకరాలతో భాగించి, దానికి ఎకరాకయ్యే రెండో ఖర్చును కలిపితే ఎకరా కోతకయ్యే అసలు వ్యయం వస్తుంది.

ఉదాహరణకు నడిచి తోలే చిన్న రీపరు ఖరీదు 1,20,000 రూపాయలనీ, ఏటా స్థిరవ్యయం అందులో 20 శాతమనీ అనుకుందాం. అది 24,000 రూపాయలు. మూడెకరాల రైతు దాన్ని సొంతానికి కొని రెండు పంటలకు వాడుకుంటే ఏడాదికి 6 ఎకరాలు. అంటే ఎకరాకు స్థిరవ్యయమే 4,000 రూపాయలు. అదే యంత్రం ఊరిలో తిరిగి 60 ఎకరాలు కోస్తే ఎకరాకు 400 రూపాయలే. ఇప్పుడు 25,00,000 రూపాయల పెద్ద హార్వెస్టరును తీసుకుందాం. అదే నిష్పత్తిలో ఏటా 5,00,000 రూపాయల స్థిరవ్యయం. అది జిల్లాలు దాటి తిరుగుతూ 1,000 ఎకరాలు కోస్తే ఎకరాకు 500 రూపాయలు. యంత్రాల ధరల మధ్య తేడా 20 రెట్లకు పైమాటే. ఎకరాకు పడే స్థిరభారంలో తేడా 100 రూపాయలే. ఈ అంకెలు లెక్క సౌలభ్యం కోసం అనుకున్నవి. ధరలు మారినా లెక్క స్వభావం మారదు.

దీనినిబట్టి అందుబాటు అనేది యంత్రం మీద అతికించిన ధరచీటీలో కన్నా అది ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేస్తుందన్న దానిలో ఎక్కువగా ఉందని తేలుతుంది. చిన్న రైతును కొనుగోలుదారుగా ఊహించుకొని చేసే రూపకల్పన చాలాసార్లు విఫలం కావడానికి మూలం ఇక్కడే ఉంది. యంత్రాన్ని కొనేవారు ఒకరు, దాని పనిని కొనేవారు మరొకరు. ఈ ఇద్దరి అవసరాలూ తీరినప్పుడే యంత్రం ఊరిలో నిలుస్తుంది.

4. వరికోత: పెద్ద యంత్రం చిన్న మడిలోకి వచ్చిన తీరు:

4.1 కొడవలి నుంచి హార్వెస్టరు దాకా:

కొడవలితో ఎకరం వరి కోసి, పనలు వేసి, మోపులు కట్టడానికి సాధారణంగా 8 నుంచి 10 కూలిదినాలు పడుతుంది. తరువాత కల్లానికి చేర్చడం, కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం వేరే పనులు. ఈ వరుసలో మొదట యంత్రం చేపట్టింది నూర్పిడిని. 1970 దశకంలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, గింజ డ్రమ్ము పొడవునా కదులుతూ నూరిపోయే నూర్పిడి యంత్రాన్ని రూపొందించి, దాని నమూనాలను చిన్న కర్మాగారాలకు అందించింది. వెల్డింగు, రేకు పని తెలిసిన చిన్న కార్ఖానాలు దాన్ని తయారు చేయగలగడం వల్ల అది ఆసియా దేశాలలో వ్యాపించింది. యంత్రం ఎంత సమర్థమైనదన్న దానితోపాటు దాన్ని ఎవరు చేయగలరు, ఎవరు బాగుచేయగలరు అన్నవీ రూపకల్పనలో భాగమేనని ఆ అనుభవం నేర్పింది.

కోత, నూర్పిడి, తూర్పారలను ఒకేసారి చేసే కంబైన్ హార్వెస్టరు భారతదేశంలో స్వరాజ్ సంస్థ ద్వారా 1980లో దేశీయంగా తయారైంది. పంజాబు గోధుమ పొలాల్లో వేళ్లూనుకున్న ఈ యంత్రం, అక్కడి కోతలు ముగిశాక దక్షిణానికి తరలిరావడం ఆనవాయితీ అయింది. పంటలు వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు నెలల్లో కోతకు రావడమే ఈ కిరాయి వ్యవస్థకు ఆధారం.

4.2 తడినేల సమస్య, చైన్ మిషన్ పరిష్కారం:

టైర్ల హార్వెస్టరు గోధుమ పొలపు ఎండునేలకు తగినది. చెరువు కింది వరిమడిలో అది దిగబడుతుంది. ఈ చిక్కును రైతులు చైన్ మిషన్ అని పిలుచుకునే పట్టాల హార్వెస్టరు తీర్చింది. దాని సూత్రాన్ని ఒక చిన్న లెక్కతో వివరించవచ్చు. 3 టన్నుల యంత్రం రెండు పట్టాల మీద నిలుస్తుంది. ఒక్కో పట్టా 45 సెంటీమీటర్ల వెడల్పున 150 సెంటీమీటర్ల మేర నేలను తాకితే మొత్తం స్పర్శ వైశాల్యం 13,500 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 0.22 కిలోల భారం. 60 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక పాదం నేలను తాకే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఆ భారం 0.3 కిలోలు. మూడు టన్నుల యంత్రం నేలను మనిషి పాదంకన్నా తేలికగా తాకుతున్నదన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పైపొర మీద ఒత్తిడిని స్పర్శ వైశాల్యం నిర్ణయిస్తుంది. లోపలి పొర గట్టిపడటాన్ని యంత్రపు మొత్తం బరువు నిర్ణయిస్తుంది. తడిగా ఉన్నప్పుడే ఏటా రెండుసార్లు బరువైన యంత్రం తిరిగే పొలంలో, ముఖ్యంగా తరువాత ఆరుతడి పంట వేయదలచినచోట, ఈ విషయాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

4.3 మడి కొలత, మలుపుల నష్టం:

యంత్రం సామర్థ్యాన్ని మడి ఆకారం ఎలా ప్రభావితం చేస్తుందో చూద్దాం. 2 మీటర్ల కోతవెడల్పుతో, గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిచే యంత్రానికి ఒక్కో మలుపుకు 20 సెకన్లు పడుతుందనుకుందాం.

100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు గల దాదాపు ఎకరం మడిలో అది 20 సార్లు సాగి 19 మార్లు తిరుగుతుంది. కోతకు 2,400 సెకన్లు, మలుపులకు 380 సెకన్లు. అంటే మొత్తం సమయంలో 86 శాతం కోతకే వినియోగమైంది. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల పది గుంటల మడిలో ఇది 72 శాతానికి దిగుతుంది. 20 మీటర్ల చతురస్రపు నాలుగు గుంటల మడిలో 57 శాతమే. గంటల లెక్కన కిరాయి కట్టే రైతు, చిన్న మడి ఉన్నందుకు ఎకరాకు ఎక్కువ చెల్లిస్తున్నాడు. మూలల్లో యంత్రానికి అందని పైరును కొడవలితో కోయించడం అదనం.

ఈ నష్టాన్ని తగ్గించేందుకు యంత్రాన్ని చిన్నది చేయడం ఒక దారి. ఉన్నచోటనే తిరగగలిగేలా రెండు పట్టాలను ఎదురెదురు దిశల్లో నడిపించే ఏర్పాటు రెండో దారి. పొరుగు రైతులు ఒకే రకం వరిని ఒకే వారంలో నాటుకొని, కోతను కలిపి చేయించుకోవడం మూడో దారి. మూడోదానికి పైసా ఖర్చు లేదు, ఊరి ఒప్పందం చాలు.

4.4 కనబడని ఖర్చులు:

హార్వెస్టరు కిరాయిలో కనబడని మూడు ఖర్చులను చిన్న రైతు భరిస్తున్నాడు.

మొదటిది తేమ. కొడవలితో కోసిన వరి పనల మీద ఎండేది. యంత్రం కోసిన వడ్లు సాధారణంగా 20 శాతానికి మించిన తేమతో నేరుగా కుప్పగా పడతాయి. కొనుగోలు కేంద్రంలో అనుమతించే తేమ 17 శాతం. ఈ తేడాను రైతు రోడ్ల మీద, కల్లాల్లో, టార్పాలిన్ల కింద వానకు భయపడుతూ ఆరబెట్టుకోవలసి వస్తున్నది. కోత ఒక గంటకు కుదించుకుపోయింది. ఆరబోత రోజుల తరబడి సాగుతున్నది. కోతను యాంత్రీకరించి ఆరబోతను వదిలేయడం సగం రూపకల్పన మాత్రమే.

రెండోది గడ్డి. కొడవలి కోతలో వరిగడ్డి మొత్తం పశువుల మేతగా ఇంటికి చేరేది. హార్వెస్టరు కొయ్యకాళ్లను నిలిపి, గడ్డిని నలిపి చెల్లాచెదురుగా పడవేస్తుంది. కట్టలు కట్టే బేలరు మరో కిరాయి. అది దొరకనిచోట కొయ్యకాళ్లు కాల్చే అలవాటు పెరిగింది.

మూడోది తాలు. గింజను, పొట్టును వేరుచేసేది యంత్రంలోని ఫ్యాను, జల్లెడ. గాలి తక్కువైతే తాలు గింజలతో కలిసి ట్యాంకులోకి వస్తుంది. ఎక్కువైతే మంచి గింజ గడ్డితోపాటు వెనక నుంచి ఎగిరిపోతుంది. సరైన అమరిక పైరు తేమనుబట్టి ఒకే రోజులో ఉదయానికి, మధ్యాహ్నానికి మారుతుంది. ఆ అమరికను మార్చే డ్రైవరుకు తాలు కోత భారం పడదు. అది కొనుగోలు కేంద్రంలో రైతు మీద పడుతుంది. గంటకు కిరాయి అయితే నెమ్మదిగా నడపడం యజమానికి లాభం. ఎకరాకు కిరాయి అయితే వేగంగా నడపడం లాభం, గింజనష్టం రైతుది. యంత్రం వెనక రాలుతున్న గింజను డ్రైవరుతోపాటు గట్టుమీది రైతుకూ తెలియజేసే సాధారణమైన సూచికను అమర్చడం చవకైన, ఉపయోగకరమైన పరిశోధనాంశం.

5. చిన్న రీపరు స్థానం:

ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థులు తరచుగా ఎంచుకునే ప్రాజెక్టులలో తోపుడు కోతయంత్రం, తొక్కుడు కోతయంత్రం ఉంటాయి. వీటికి ప్రకృతి విధించిన హద్దు ఒకటుంది. మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగల శక్తి సుమారు 75 వాట్లు. ఒక హార్స్‌పవరు 746 వాట్లు. 5 హార్స్‌పవరు ఇంజను దాదాపు 50 మంది శక్తికి సమానం. యంత్రాన్ని తడినేలలో తోయడం, కత్తిని ఆడించడం, కోసిన పైరును పక్కకు జరపడం అనే మూడు పనులనూ 75 వాట్లతో సాధించడం కుదరదు. అందువల్ల మనిషి శక్తితో నడిచే కోతయంత్రం ప్రదర్శనలో పనిచేసినా పొలంలో అలసిపోతుంది.

ఇంజనుతో నడిచే రీపరు పరిస్థితి వేరు. 1.2 మీటర్ల కోతవెడల్పుతో గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే సిద్ధాంతరీత్యా గంటకు 3,600 చదరపు మీటర్లు. మలుపులు, ఆగడాలు తీసివేసి మూడింట రెండు వంతులు లెక్కగడితే 2,400 చదరపు మీటర్లు, అంటే సుమారు 24 గుంటలు. ఇది గడ్డిని నలపకుండా వరుసగా పక్కకు పడవేస్తుంది, మేత దక్కుతుంది. పనల మీద ఎండే అవకాశం ఉన్నందున తేమ సమస్య తగ్గుతుంది. ట్రాలీలో వేసుకొని తీసుకుపోవచ్చు. దీని లోపం కూడా స్పష్టమే: మోపులు కట్టడం, మోయడం, నూర్చడం మిగిలే ఉంటాయి. అందువల్ల ఎకరా ఖర్చును పోల్చేటప్పుడు రీపరును ఒంటరిగా కాక నూర్పిడి యంత్రంతో కలిపి హార్వెస్టరుతో పోల్చాలి. పశువులున్న ఇళ్లకు, దారిలేని లోపలి మడులకు, ఇరుకు కయ్యలకు రీపరు తగినది. తక్కినచోట్ల హార్వెస్టరుదే పైచేయి.

భుజాన తగిలించుకునే బ్రష్ కట్టరు మరింత చవకైనది. అది కొట్టి నరికే పద్ధతిలో పనిచేస్తుంది. 25.5 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 93 మీటర్లు. ఆ వేగంలో కాండం తేలికగా తెగుతుంది. ఆ అదురుకు పండిన గింజ రాలే ప్రమాదమూ, రాయి తగిలితే ఎగిరి గాయపరిచే ప్రమాదమూ ఉన్నాయి.

6. పత్తి: చవక యంత్రం ఎందుకు నిలవలేదు?:

6.1 ఏరివేత స్వభావం:

ఏనుమాముల మార్కెట్టుకు చేరే పత్తిలో ప్రతి గుల్లా ఒక మనిషి, ఎక్కువగా ఒక స్త్రీ, చేతితో తీసినదే. ఒక కూలి రోజుకు 30 కిలోల పత్తి తీస్తుందనీ, ఒక కాయలోని పత్తి 4.5 గ్రాములనీ అనుకుంటే ఆమె దాదాపు 6,700 కాయలను ముట్టుకుంటున్నది. ఏడు గంటల పనిలో ఇది 3.8 సెకన్లకు ఒక కాయ. ఈ 3.8 సెకన్లలో విచ్చిన కాయను వెతకడం, చేయి చాచడం, లాగడం, ఒడిలో వేయడం, ముందుకు అడుగు వేయడం అన్నీ ఉన్నాయి. అందులో లాగడం బహుశా అతి చిన్న భాగం.

బ్యాటరీతో తిరిగే దంతచక్రాలున్న చేతియంత్రం ఈ లాగే పనినే చేస్తుంది. వెతకడం, చేరుకోవడం మనిషికే మిగులుతాయి. పైగా రెండు చేతులతో చేసే పనిని ఒక చేతికి కుదించి, రెండో చేతికి యంత్రం బరువు ఎత్తుతుంది. ఎండిన ఆకుముక్కలను పత్తితోపాటు లాక్కుంటుంది. పనిలో అధిక సమయం తీసుకునే అంశాన్ని తాకని యంత్రం, ఎంత చవకైనదైనా, ఎందుకు నిలదొక్కుకోలేదో ఈ లెక్క చెబుతుంది.

దీనికి విలోమ ఉదాహరణ మన పక్కనే ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చేనేతలో ఆసు పోయడానికి చేతిని వేలసార్లు తిప్పవలసిన కదలికనే గుర్తించి, దాన్నే యంత్రానికి అప్పగించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన యంత్రం నిలవడానికి కారణం అది శ్రమ కేంద్రీకృతమైన చోటును సరిగ్గా పట్టుకోవడం.

6.2 పెద్ద యంత్రం, దాని షరతులు:

అమెరికాలో రస్ట్ సోదరులు 1930 దశకంలో తడి కదుళ్లతో పత్తిని చుట్టి తీసే యంత్రాన్ని పేటెంటు చేశారు. 1940 దశకంలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ తన సొంత నమూనా పత్తియంత్రాన్ని వ్యాపారస్థాయికి తెచ్చింది. 1960 దశకం ముగిసేసరికి అక్కడి పత్తి దాదాపు మొత్తం యంత్రంతోనే తీసే స్థితి వచ్చింది. ఆ మార్పులో యంత్రంతోపాటు పైరూ మారింది. పొట్టిగా, ఒకేసారి విచ్చే రకాలు వచ్చాయి. కోతకు ముందు ఆకురాల్చే మందు చల్లడం, జిన్నింగు మిల్లుల్లో చెత్తను వేరుచేసే యంత్రాలు అమర్చడం రివాజైంది.

వరంగల్ చెలకలో పరిస్థితి ఇందుకు భిన్నం. సంకర విత్తనాలు ఎడంగా నాటుకొని, మొక్కను గుబురుగా పెంచి, మూడు నాలుగు విడతలుగా పత్తి తీస్తారు. పత్తి సాళ్ల మధ్య కంది వేసే అలవాటు ఉంది. కదుళ్ల యంత్రం ఒకసారి నడిస్తే కంది పోతుంది.

6.3 కిరాయికి ఎంత చోటుంది?:

ఎకరాకు 8 క్వింటాళ్ల దిగుబడి, క్వింటాలుకు 7,000 రూపాయల ధర, కిలోకు 10 రూపాయల ఏరివేత కూలి అనుకుందాం. చేతితో తీయించడానికి 8,000 రూపాయలు. యంత్రం 90 శాతమే తీస్తే 80 కిలోల పత్తి, అంటే 5,600 రూపాయలు, పొలంలోనే పోతుంది. ఇక యంత్రం కిరాయికి మిగిలేది 2,400 రూపాయలు. అందులోనే చెత్త శాతానికి వ్యాపారి కోసే ధర, ఆకురాల్చే మందు ఖర్చు సర్దుకోవాలి.

మిగిలిన 80 కిలోలను కిలోకు 15 రూపాయల చొప్పున కూలీలతో తీయిస్తే 1,200 రూపాయలు. చెత్త వల్ల ధరలో 3 శాతం తగ్గితే 1,680 రూపాయలు. అప్పుడు కిరాయికి, మందుకు కలిపి 5,120 రూపాయల చోటు ఏర్పడుతుంది. యంత్రం, మనిషి కలిసి చేసే పని యంత్రం ఒక్కటే చేసే పనికన్నా రైతుకు ఎక్కువ మిగిలిస్తున్నదని ఈ లెక్క సూచిస్తున్నది. పత్తియంత్రం రూపకర్త దృష్టి 90 శాతాన్ని 95కు పెంచడం మీద ఎంత ఉండాలో, చెత్తను తగ్గించడం మీదా అంత ఉండాలి. గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వెలసిన ఈ ప్రాంతంలో పత్తి శుభ్రత విలువ మరింత పెరుగుతుంది.

7. యంత్రానికి తగిన పైరు:

వరికి కూడా పైరు స్వభావమే కీలకం. బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి అన్నానికి ఎంత పేరుపొందిందో, గాలివానకు పడిపోయే గుణానికీ అంత పేరుపొందింది. పడిన పైరును హార్వెస్టరు కోయాలంటే రీలును కిందికి దించి, వేగం తగ్గించి నడపాలి. సమయం, గింజనష్టం రెండూ పెరుగుతాయి. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి వంటి వరి రకాలు వచ్చాయి. ఇలాంటి రకాల ఎంపికలో గింజనాణ్యత, తెగులు నిరోధకతలతోపాటు కాండం నిలకడను, గింజ రాలుడు గుణాన్ని యంత్రకోత దృష్టితో అంచనా వేయడం అవసరం.

పత్తిలో అధిక సాంద్రత సాగు ఈ దిశలో సాగుతున్న ప్రయత్నం. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2023-24 నుంచి అనేక రాష్ట్రాలలో దీన్ని పెద్దఎత్తున ప్రదర్శిస్తున్నారు. 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒక మొక్క ఉంటే ఎకరాకు 7,500 మొక్కలు. 15 సెంటీమీటర్లకు ఒకటి ఉంటే 30,000 మొక్కలు. మొక్క పెరుగుదలను మెపిక్వాట్ క్లోరైడ్ వంటి మందులతో అదుపుచేస్తారు. మొక్కకు కొద్దికాయలే అయినా అవి దాదాపు ఒకేసారి విచ్చుకుంటాయి. పంట త్వరగా ముగిసి గులాబీరంగు పురుగు ఉధృతిని కొంత తప్పించుకోవచ్చు. అయితే విత్తనం నాలుగింతలవుతుంది. వర్షాధార చెలకలో ఒకేసారి వచ్చే పంటకు ఒక వాన ముప్పు చాలు. విడతలుగా తీయడంలో చిన్న రైతుకు ఒక రక్షణ ఉంది: ఒక విడత తడిసినా మరో విడత మిగులుతుంది. యంత్రం కోసం ఈ రక్షణను వదులుకొమ్మని అడిగేవారు బీమా గురించి కూడా మాట్లాడాలి.

8. కూలి, భద్రత, అప్పు:

వరికోతలోనూ పత్తి ఏరివేతలోనూ పనిచేసేవారిలో స్త్రీలే అధికం. యంత్రాలను నడిపేవారు పురుషులు. యంత్రం వచ్చినప్పుడు పని తగ్గడంతోపాటు అది ఒకరి చేతుల నుంచి మరొకరి చేతులకు మారుతుంది. మండల మహిళా సమాఖ్యల ద్వారా నడిచే కిరాయి కేంద్రాలు ఈ అసమానతను కొంత సరిచేయగలవు. అందుకు యంత్రాల పిడి ఎత్తు, స్టార్టు చేయడానికి కావలసిన బలం, బరువు స్త్రీల శరీరకొలతలకు అనుగుణంగా ఉండాలి.

నూర్పిడి యంత్రాలలో చేతులు నలిగిన ప్రమాదాల నేపథ్యంలోనే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. చవక పేరుతో బెల్టుల మీది మూతలను, గింజ వేసే తొట్టి పొడవును తగ్గించడం నేరుగా కూలివారి చేతులను పణంగా పెట్టడమే.

1997-98లో పురుగు ఉధృతికి, అప్పుల భారానికి వరంగల్ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న విషాదాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు. యాంత్రీకరణ ఉపపథకం కింద 2014-15 నుంచి కేంద్ర ప్రభుత్వం వ్యక్తులకు 40 నుంచి 50 శాతం రాయితీ ఇస్తున్నది. రాయితీ ధరను తగ్గిస్తుంది, పనిగంటలను పెంచదు. ఏడాదికి పది రోజులు పనిచేసే యంత్రాన్ని మిగతా సగం ధరకు అప్పుచేసి కొన్న రైతుకు అది మరో భారమే.

9. రూపకల్పనలో పాటించవలసిన సూత్రాలు:

పై పరిశీలన నుంచి ఈ కింది సూత్రాలను ప్రతిపాదించవచ్చు.

1. ముందు శ్రమను కొలవాలి. ఏ కదలికకు ఎన్ని సెకన్లు పడుతున్నదో పొలంలో నమోదుచేసి, అధిక సమయం తీసుకునే పనినే యంత్రానికి అప్పగించాలి.

2. ఎకరా ఖర్చును లక్ష్యంగా పెట్టుకోవాలి. అందులో గింజనష్టం, ఆరబోత, గడ్డి, తాలు కోతలను కలపాలి.

3. ఊరిలో ఉన్న ట్రాక్టరు, పవర్ టిల్లరు ఇంజన్లకే కోతభాగాలను తగిలించే వీలు చూడాలి. ఇంజను ఏడాది పొడవునా పనిచేస్తుంది కనుక స్థిరవ్యయం పంచుకోబడుతుంది.

4. బేరింగులు, బెల్టులు, గొలుసులు వరంగల్ పట్టణపు దుకాణాల్లో దొరికే కొలతలవే వాడాలి. కోతకాలంలో విడిభాగం కోసం మూడురోజులు ఆగిన యంత్రం ఆ ఏటి ఆదాయాన్నే పోగొట్టుకుంటుంది.

5. నమూనాను పది గుంటల మడిలో, తడినేలలో, పడిన పైరులో పరీక్షించాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర యంత్రపరీక్షా సంస్థ వంటి చోట్ల అధికారిక పరీక్షకు పంపేముందు ఈ క్షేత్రపరీక్ష జరగాలి.

6. యంత్రశాస్త్రవేత్త, పైరు ప్రజననశాస్త్రవేత్త కలిసి పనిచేయాలి. జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ పరిశోధన స్థానం మూడూ ఒకే నగరంలో ఉండటం వరంగల్‌కు దక్కిన అరుదైన సౌకర్యం.

10. ముగింపు:

వరికోతలో యంత్రం చిన్నది కాలేదు. దాని పని చిన్న ముక్కలుగా అమ్ముడైంది, అందుకే రెండెకరాల రైతుకు అందింది. అయితే తేమ, గడ్డి, తాలు రూపంలో కొంత ఖర్చు చప్పుడు లేకుండా అతని మీదికే మళ్లింది. పత్తిలో చవక యంత్రం శ్రమలోని చిన్న భాగాన్నే తాకింది. పెద్ద యంత్రం పైరునే మార్చమంటున్నది. వరి విషయంలో తక్షణం కావలసింది కోతయంత్రం చుట్టూ ఉన్న పనుల రూపకల్పన: ఊరిస్థాయి ఆరబోత యంత్రం, గడ్డిని దక్కించే అమరిక, గింజనష్టాన్ని రైతుకు చూపే సూచిక. పత్తి విషయంలో కావలసింది, యంత్రం అధికభాగం తీసి, మిగిలినదాన్ని మనిషి ఏరుకునే మిశ్రమ పద్ధతికి తగిన యంత్రం. ఈ రెండింటినీ చిన్న రైతు లెక్కపుస్తకం ముందుపెట్టుకొని కొలవాలి. ఆ పుస్తకంలో ఎకరాకు ఎంత మిగిలిందన్న చివరి వరుసే యంత్రపు అందుబాటుకు అసలైన పరీక్ష.